డాబా మీద సోలార్: పీఎం సూర్యఘర్ సబ్సిడీకి అప్లై చెయ్యడం ఎలా

ఏ కంపెనీ ప్యానెల్స్ మంచివి అని అందరూ అడుగుతారు గానీ కరెంటు బిల్లు ఎవరి పేరు మీదుందో మాత్రం చూస్కోరు, తీరా అప్లికేషన్ ఆగేది అక్కడే. ఇల్లు మీదే, బిల్లు కట్టేదీ మీరే, పేరు మాత్రం ఎప్పుడో కాలం చేసిన తాతగారిదే వస్తుంటుంది. పథకం పోర్టల్‌లో (అప్లై చేసే వెబ్‌సైట్) పెట్టే పేరు, బిల్లు మీద పేరు, సబ్సిడీ పడాల్సిన బ్యాంకు ఖాతా పేరు మూడూ ఒకటే ఉండేలా చూస్కోండి, లేకపోతే ముందు డిస్కమ్‌లో, అంటే మీకు కరెంటిచ్చే కంపెనీలో, పేరు మార్పించుకుని ఆ తర్వాతే మిగతాది మొదలుపెట్టండి.

సొంతిల్లు, ప్యానెల్స్ పట్టేంత డాబా, ఇంటి కరెంటు కనెక్షన్ ఉండాలి, ఇదివరకు సోలార్‌కి వేరే సబ్సిడీ తీస్కుని ఉండకూడదు. 1 కిలోవాట్‌కి సుమారు 100 చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి, రోజుకి సగటున 4 యూనిట్ల దాకా వస్తాయి. నెలకి 150 యూనిట్ల లోపు వాడేవాళ్ళకి 1 నుంచి 2 కిలోవాట్లు, 300 లోపు వాళ్ళకి 2 నుంచి 3 సరిపోతాయి. సబ్సిడీ ఏమో మొదటి 2 కిలోవాట్లకి ఒక్కోదానికి రూ.30,000, మూడోదానికి రూ.18,000, అంటే రూ.78,000 దగ్గర ఆగిపోద్ది, 5 కిలోవాట్లు పెట్టినా అంతే. ప్యానెల్స్ అమ్మి బిగించే వెండర్ పెద్దది పెట్టించుకోమని ఊదరగొడుతుంటే ఇది గుర్తుంచుకోండి.

2024 ఫిబ్రవరిలో వచ్చిన పథకం ఇది, అప్లికేషన్ అంతా ఆన్‌లైన్‌లోనే. గవ్.ఇన్‌తో ముగిసే అసలు పోర్టల్‌లోనే చెయ్యండి, అలాంటి పేర్లతో నకిలీ సైట్లు ఉంటాయి. రాష్ట్రం, డిస్కమ్ (విశాఖ వైపు ఏపీఈపీడీసీఎల్, తిరుపతి వైపు ఏపీఎస్‌పీడీసీఎల్, విజయవాడ వైపు ఏపీసీపీడీసీఎల్, హైదరాబాద్ అయితే టీజీఎస్‌పీడీసీఎల్, వరంగల్ వైపు టీజీఎన్‌పీడీసీఎల్), సర్వీస్ నంబర్ ఇచ్చి, ఫోన్‌కి వచ్చే ఓటీపీతో రిజిస్టర్ అయ్యి, లాగిన్ అయ్యాక ఫారం నింపి బిల్లు కాపీ అప్‌లోడ్ చెయ్యాలి. 10 కిలోవాట్ల లోపు వాటికి డిస్కమ్ వాళ్ళు ముందుగా టెక్నికల్ స్టడీ చెయ్యక్కర్లేదు, నేరుగా ఓకే అయినట్టే, దానికి తగ్గట్టు మీ కనెక్షన్‌కి మంజూరైన లోడ్ పెంచాల్సింది కూడా వాళ్ళే.

ఇక వెండర్. పోర్టల్‌లో రిజిస్టర్ అయిన వెండర్ దగ్గరే పెట్టించాలి, తక్కువకి చేస్తానన్నాడని బయటివాడికి ఇచ్చారో సబ్సిడీ పోయినట్టే. కొటేషన్‌లో డీసీఆర్ ప్యానెల్స్ అని రాయించుకోండి, అంటే ప్యానెల్‌తో పాటు లోపలి సెల్స్ కూడా ఇండియాలో తయారైనవే అయ్యుండాలి, ఈ ఒక్క ముక్క లేకపోతే తర్వాత ఎంత గొడవపడినా డబ్బులు రావు. 5 ఏళ్ళ మెయింటెనెన్స్ సంగతి కూడా అగ్రిమెంట్‌లో ఉండాలి. ఇంకోటి, సోలార్ ఉంది కదా కరెంటు పోయినా ఫ్యాన్లు తిరుగుతాయి అనుకుంటారు చాలామంది, బ్యాటరీ లేని మామూలు ఆన్‌గ్రిడ్ (కరెంటు లైన్‌కి కలిపి ఉండే) సిస్టమ్ కరెంటు పోగానే అదీ ఆగిపోద్ది, లైన్ మీద పని చేసేవాళ్ళకి షాక్ కొట్టకుండా అలా పెట్టారు.

ఖర్చు మొత్తం ముందు మీరే పెట్టుకోవాలి, సబ్సిడీ వెనకాల వస్తుంది. చేతిలో లేకపోతే 3 కిలోవాట్ల దాకా ప్రభుత్వ బ్యాంకులు తాకట్టు లేకుండా లోన్ ఇస్తున్నాయి, అదీ ఆన్‌లైన్‌లోనే అప్లై చేస్కోవచ్చు.

బిగించడం అయ్యాక వివరాలు పోర్టల్‌లో ఎక్కించి నెట్ మీటర్‌కి పెట్టాలి. పగలు మీరు వాడగా మిగిలి లైన్‌లోకి వెళ్ళిన యూనిట్లని బిల్లులో తగ్గించేది ఈ మీటరే. డిస్కమ్ వాళ్ళు మీటర్ పెట్టి, తనిఖీ చేసి, సిస్టమ్ పని మొదలైందని కమిషనింగ్ రిపోర్ట్ ఇస్తారు. ఇక్కడితో అయిపోయిందని చాలామంది ఊరుకుంటారు, కాదు, మళ్ళీ లాగిన్ అయ్యి బ్యాంకు వివరాలు, క్యాన్సిల్డ్ చెక్ పెడితేనే సబ్సిడీ కదుల్తుంది, పెట్టాక 30 రోజుల్లో ఖాతాలో పడాలి.