పరదాల కుట్టుపని – నాలుగవ పాఠం: కత్తెర పట్టే ముందు గుడ్డ లెక్క

గత పాఠంలో కిటికీ కొలతలు తీసుకోవడం నేర్చుకున్నాం. వెడల్పును పైన, నడుమ, కింద మూడు చోట్లా, ఎత్తును కుడి ఎడమల రెండు చోట్లా కొలిచి పుస్తకంలో రాసుకోమన్నాను. ఆ పుస్తకాన్ని ఇప్పుడు తెరిచి పెట్టుకోండి. ఆ కొలతలకు ఎన్ని మీటర్ల గుడ్డ కావాలో, దానిని ఎన్ని ముక్కలుగా కోయాలో, ఒక్కొక్క తెరకు ఎన్ని కుచ్చులు పెట్టాలో ఈ పాఠంలో లెక్క కడతాం. మిషను దగ్గరకు వెళ్ళడానికి తొందరపడకండి. కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు గాని, కోత తప్పిన గుడ్డను అతుకు వేసి హోటలు గదిలో వేలాడదీయలేం.

పరదాకు కొలత కడ్డీదే గాని కిటికీది కాదు. కడ్డీ ఎంత పొడవు ఉండాలన్నది పరదా మూసినప్పటి సంగతిని బట్టి కాక, తెరిచినప్పుడు ఆ గుడ్డంతా ఎక్కడికి చేరుతుందన్న దానిని బట్టి తేల్చుకోవాలి. తిరుపతిలో పనిచేసేవారు దీనిని మరీ గట్టిగా గుర్తుంచుకోవాలి. శేషాచలం కొండలు ఊరికి ఉత్తరాన ఉన్నాయి కాబట్టి, ఎత్తయిన అంతస్తులో ఉత్తరపు కిటికీ ఉన్న గదిలో దిగినవారు పరదా పక్కకు లాగగానే కొండ నిండుగా కనబడాలని ఆశిస్తారు. కడ్డీని కిటికీ వెడల్పుకు సరిగ్గా సమానంగా బిగిస్తే, తెరిచిన తెరలు రెండూ అద్దం మీదనే కుప్పపడి, కొండలో సగం గుడ్డ వెనకే ఉండిపోతుంది. మూడు మడతల కుచ్చు తెరిచినప్పుడు సుమారు ఒక అంగుళం చోటు తీసుకుంటుందని నేను లెక్క వేస్తాను. తెరకు 13 కుచ్చులు ఉంటే 13 అంగుళాల కుప్ప అవుతుంది. అందువల్ల కిటికీకి అటూ ఇటూ 12 అంగుళాల చొప్పున కడ్డీని పొడిగిస్తే, తెరిచిన తెర దాదాపు అంతా గోడ మీదకే వెళ్ళిపోయి అద్దం ఖాళీగా ఉంటుంది.

ఇక ఒక గదిని తీసుకుందాం. కిటికీ వెడల్పు 72 అంగుళాలు. నేల నుంచి కిటికీ పై అంచు దాకా 84 అంగుళాలు. అక్కడికి 6 అంగుళాల పైన, అంటే నేలకు 90 అంగుళాల ఎత్తున ట్రాక్ (పరదా జారే కడ్డీ) బిగిస్తున్నాం. ట్రాక్ పొడవు 72కు రెండు పక్కల 12 చొప్పున కలిపితే 96 అంగుళాలు.

ఈ 96తోనే లెక్క ముగియదు. నడుమ రెండు తెరలు ఒకదానిపై ఒకటి ఎక్కడానికి 4 అంగుళాలు, రెండు చివరలా ట్రాక్ నుంచి గోడ దాకా తెర మళ్ళడానికి 3 అంగుళాల చొప్పున 6 అంగుళాలు కలపాలి. మొత్తం 106 అవుతుంది. గుడ్డ మిగల్చాలన్న ఆశతో చాలామంది ఈ 10 అంగుళాలను వదిలేస్తారు. అర్ధరాత్రి దాటాక దర్శనం ముగించుకొని, తెల్లవారుజామున గదికి చేరి, పొద్దెక్కేదాకా నిద్రపోవాలనుకునే యాత్రికుల కుటుంబాన్ని ఒక్కసారి తలుచుకోండి. ఎంత ఖరీదైన బ్లాకౌట్ లైనింగ్ (వెలుతురు రానివ్వని అస్తరు) వేసినా, నడుమ ఒక వేలెడు సందు ఉంటే ఎండ గీత సరిగ్గా మంచం మీదనే పడుతుంది. వాళ్ళ నిద్రను కాపాడేది ఆ 10 అంగుళాలే.

ఇప్పుడు నిండుదనం చూద్దాం. మూడు మడతల కుచ్చుకు కనీసం రెండు రెట్లు, పలుచని నెట్ పరదాకు రెండున్నర నుంచి మూడు రెట్లు, ఐలెట్ రింగుల పరదాకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు గుడ్డ పెడతాం. మనది కుచ్చు పరదా కనుక 106ను రెట్టింపు చేస్తే 212. రెండు తెరల పక్క మడతలకు నాలుగు చోట్ల 3 అంగుళాల చొప్పున 12, అతుకుల కుట్లకు 4 కలిపితే 228 అంగుళాలు. గుడ్డ పన్నా, అంటే తానులో గుడ్డ అడ్డ వెడల్పు, 48 అంగుళాలు అయితే 228ను 48తో భాగించగా 4.75 వస్తుంది. దీనిని ఎప్పుడూ పై అంకెకే సవరించాలి. అంటే మనకు 5 పన్నాలు (పూర్తి వెడల్పు ముక్కలు) కావాలి.

ఒక తెరకు రెండున్నర పన్నాలు వస్తాయి. అయిదవ పన్నాను నిలువుగా రెండుగా చీల్చి, ఒక్కొక్క సగాన్ని ఒక్కొక్క తెరకు గోడ వైపు వచ్చేలా అతకాలి, నడుమకు ఎన్నడూ తేకూడదు. కొత్తవారు ఇక్కడే ఎక్కువగా తడబడతారు. చీల్చిన గుడ్డను ముఖం పైకి ఉండేలా బల్ల మీద పరిచి చూడండి. కుడి సగానికి కుడి వైపున, ఎడమ సగానికి ఎడమ వైపున మాత్రమే తాను అంచు (నేతలోనే వచ్చే అంచు) మిగిలి ఉంటుంది. డిజైను కలిసేది అంచుకు అంచు ఆనినప్పుడే. కిటికీకి ఎదురుగా నిలబడి చూస్తే ఎడమ తెరకు సగం ముక్క ఎడమ చివర వస్తుంది గనుక, దాని కుడి అంచు పక్క పన్నాను ఆనాలి. అంటే ఎడమ తెరకు కుడి సగమే వెళ్ళాలి, కుడి తెరకు ఎడమ సగం వెళ్ళాలి. చీల్చిన వెంటనే రెండు సగాల వెనుక సుద్దతో ఏ తెరదో రాసుకోండి.

నిలువు కొలత ఇంతకంటే తేలిక. ట్రాక్ నుంచి నేల దాకా 90 అంగుళాలు. చీపురు, తడిగుడ్డ తగలకుండా అర అంగుళం ఎత్తి ఉంచితే తయారైన పొడవు 89.5. తలకట్టులో 4 అంగుళాల బక్రం (కుచ్చులు నిలవడానికి లోపల వేసే గట్టి పట్టీ), దాని మడతకు కలిపి 5 అంగుళాలు. అడుగున 4 అంగుళాల మడత రెండు పొరలుగా వేయడానికి 8 అంగుళాలు. మొత్తం కోత పొడవు 102.5. సాదా గుడ్డ అయితే 5 ముక్కలకు 512.5 అంగుళాలు, అంటే సుమారు 13 మీటర్లు సరిపోతుంది.

డిజైను గుడ్డకు ఈ లెక్క చాలదు. పువ్వు మళ్ళీ అదే పువ్వుగా వచ్చే దూరం 24 అంగుళాలు అనుకుందాం. ప్రతి ముక్కా అదే పువ్వు దగ్గర మొదలైతేనే అతుకు దగ్గర కొమ్మ తెగకుండా సాగుతుంది. 102.5కు పైన ఉన్న 24 గుణకం 120. అంటే 5 ముక్కలకు 600 అంగుళాలు, సుమారు 15.25 మీటర్లు. ఒక్క కిటికీకి తేడా 87.5 అంగుళాలు. 40 గదుల హోటలు అయితే సుమారు 89 మీటర్లు అదనంగా కొనాలి. యజమానికి అంచనా ఇచ్చేటప్పుడు ఈ మాట ముందే చెప్పండి, గుడ్డ ఎంపిక అయ్యాక చెబితే మీ మాట మీద నమ్మకం పోతుంది. కోసినప్పుడల్లా మిగిలే 17.5 అంగుళాల పట్టీని పారేయకండి. దానిలో 16 అంగుళాల దిండు గలీబులకు రెండు ముఖాలు వస్తాయి, మిగిలినది పరదా కట్టుపట్టీకి పనికొస్తుంది.

కుచ్చుల లెక్కకు వద్దాం. 5 పన్నాలు 240 అంగుళాలు. మడతలకు, అతుకులకు పోయిన 16 తీసేస్తే 224, తెరకు 112. తయారైన తెర వెడల్పు ట్రాక్‌లో సగం 48, నడుమ ఎక్కే భాగం 2, గోడకు మళ్ళే భాగం 3 కలిపి 53. మిగిలిన 59 అంగుళాలూ కుచ్చులలోకి వెళ్ళాలి. నడుమ ఎక్కే భాగాన్ని, గోడకు మళ్ళే భాగాన్ని కుచ్చు లేకుండా వదిలి, మిగతా 48 అంగుళాలను 4 అంగుళాల చొప్పున పంచితే 12 ఎడాలు, వాటికి 13 కుచ్చులు. 59ని 13తో భాగిస్తే ఒక్కో కుచ్చుకు నాలుగున్నర అంగుళాలు, మూడు మడతలకు అది చక్కని కొలత.

గుడ్డ కొన్నాక చేయాల్సిన ఒక పనిని నా అనుభవంతో చెబుతాను. పని నేర్చిన తొలి ఏళ్ళలో ఒక వసతిగృహానికి నూలు పరదాలు కుట్టాను. వేలాడదీసిన రోజు అన్నీ నేలకు అర అంగుళం ఎడంగా, ఒకే గీతలో నిలిచాయి. మొదటి ఉతుకు తర్వాత మూడు అంగుళాలు పైకి లేచాయి. అడుగు మడత విప్పి పొడవు దించడానికి నాకు ఎనిమిది రోజులు పట్టింది. దించిన చోట పాత మడత గీత మాత్రం చెరగలేదు. నూలు గుడ్డ నూటికి 3 నుంచి 5 వంతులు కుంచించుకుపోవడం మామూలే. అప్పటి నుంచి ఒక మీటరు ముక్క మీద 20 అంగుళాల చదరం గీసి, ఆ హోటలు వాళ్ళు ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి, ఇస్త్రీ చేసి, మళ్ళీ కొలిచాకే కత్తెర పడుతున్నాను. మీరూ అలాగే చేయండి. నిప్పు త్వరగా అంటుకోని గుడ్డ కావాలని హోటలు అడిగితే ఈ పరీక్ష మరీ అవసరం, ఎందుకంటే పైపూతగా వేసిన మందు ఉతుకులతో తగ్గిపోవచ్చు. దారంలోనే ఆ గుణం ఉన్న పాలియెస్టర్‌కు ఆ బెడద లేదు.

బరువు మాట కూడా ఇక్కడే చెప్పాలి. చదరపు మీటరుకు 250 గ్రాములు తూగే గుడ్డ అయితే ఈ కిటికీ పరదా ఒక్కటే 4 కిలోలు ఉంటుంది. అంతే తూగే లైనింగ్ చేరితే 8 కిలోలు. స్నానం చేసివచ్చిన యాత్రికులు తడి పంచెలు, తువ్వాళ్ళు ఆరేసేది కూడా ఈ కడ్డీ మీదనే. కాబట్టి గోడలో చెక్క బిరడాలకు బదులు ఇనుప ఫాస్టెనర్లు వేయించండి.

ఇళ్ళవాళ్ళు శ్రీకాళహస్తి కలంకారీ పరదాలు కోరినప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద కలంతో, సహజమైన రంగులతో వేసే ఆ బొమ్మలు నేరుగా పడే పడమటి ఎండను ఎక్కువ కాలం ఓర్చుకోవు. ఉత్తరపు కిటికీకి, అదీ వెనుక లైనింగ్ వేసి మాత్రమే ఒప్పుకోండి. ఒక చేతి శ్రమను నెలల్లో వెలిసిపోనివ్వడం నాకు మనస్కరించదు.

వచ్చే పాఠంలో లైనింగ్ కోత, బక్రం కుట్టడం చేస్తాం. అంతలో ఈ అభ్యాసం పూర్తి చేయండి. కిటికీ వెడల్పు 60 అంగుళాలు, పై అంచు నేలకు 84 అంగుళాల ఎత్తు, గుడ్డ పన్నా 54, డిజైను 18 అంగుళాలకు ఒకసారి తిరిగి వస్తుంది. పై పద్ధతిలోనే చేస్తే ట్రాక్ 84, పన్నాలు 4, కోత పొడవు 108, మొత్తం 432 అంగుళాలు, అంటే 11 మీటర్లు రావాలి. ఇందులో ప్రతి తెరలో అతుకు ఒక్కటే. ఎడాన్ని 4.2 అంగుళాలకు సవరిస్తే తెరకు 11 కుచ్చులు, ఒక్కొక్కటి 4.9 అంగుళాల చొప్పున కుదురుతాయి.