ఒకే చెరువు గట్టు మీద దాయాది పిట్టలు ఎలా బతుకుతున్నాయి? మీరే చూసి తెలుసుకోవడం ఎలా?

హైదరాబాద్‌లో పిట్టలు చూసేవాళ్లు చాలామంది పేర్లు రాసుకుని ఆగిపోతారు. నన్ను అడిగితే అసలు మజా ఆ తర్వాతే. దగ్గరి చుట్టాలైన రెండు జాతులు ఒకేచోట ఎలా సర్దుకున్నాయో చూడటానికి ఒక బైనాక్యులర్, ఒక నోట్‌బుక్, కాస్త ఓపిక చాలు.

ముందు జంటను ఎంచుకోండి. ఒకేలా కనిపిస్తే సరిపోదు, శాస్త్రీయ నామంలో మొదటి మాట కూడా ఒకటే ఉండాలి. నా ఓటు ప్రినియాలు అనే చిన్న పిట్టలకు. బూడిదరంగు వీపు, ఎర్రటి కళ్లు ఉన్న యాషీ ప్రినియా కాలనీ తోటల్లో కూడా దొరుకుతుంది. కంటిపైన తెల్లటి చార, మట్టిరంగు ఒళ్లు ఉన్న ప్లెయిన్ ప్రినియాకు గడ్డి, జమ్ము ఇష్టం. ఇవి కష్టమనిపిస్తే పిగిలిపిట్టలతో మొదలుపెట్టండి.

తర్వాత అమీన్‌పూర్ చెరువు దగ్గరో గండిపేట పక్కనో పొదలు అయిపోయి గడ్డి మొదలయ్యే అంచు చూసుకుని, తెల్లారిన మొదటి రెండు గంటలు అక్కడే ఉండండి.

ఏం రాయాలి? పిట్ట ఏ మొక్క మీద ఉంది, నేలకు ఎంత ఎత్తులో, ఏం తింటోంది, ఎంతసేపు. అమెరికాలో రాబర్ట్ మెకార్థర్ అనే జీవావరణ శాస్త్రవేత్త ఇదే పని సూదుల్లాంటి ఆకులుండే స్ప్రూస్ చెట్ల మీద చేసి, అయిదు రకాల వార్బ్లర్లు (పురుగులు తినే చిన్న పిట్టలు) ఒకే చెట్టులో వేర్వేరు భాగాలు ఎక్కువగా వాడుకుంటున్నాయని 1958లో చూపించాడు. కూత కూడా రాసుకోండి. ఫోన్‌లో కూత వినిపించి పిట్టను బయటికి రప్పించడం మాత్రం వద్దు, గూడు పెట్టే రోజుల్లో వాటికి అదో పెద్ద టెన్షన్.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. రెండూ వేర్వేరు ఎత్తుల్లో తింటున్నాయంటే పోటీ వల్లే అలా మారాయని రాసేస్తారు. కానీ పక్షుల్లో కొత్త జాతులు ఎక్కువగా కొండో సముద్రమో ఎండిన మైదానమో అడ్డుపడి గుంపులు విడిపోయినప్పుడే పుడతాయి. వేల, లక్షల ఏళ్లు దూరంగా ఉండి కూత, రంగు, ముక్కు మారాక, మళ్లీ ఒకచోట చేరతాయి. మీరు చూసే తేడా అప్పటికే వచ్చేసి ఉండొచ్చు.

తేల్చుకోవాలంటే ఒక్క జాతే ఉన్న చోటుకీ వెళ్లి అవే వివరాలు రాసి పోల్చండి. తేడా కనిపించినా అది సూచనే, ఎందుకంటే అక్కడి మొక్కలు, తిండి కూడా వేరుగా ఉండొచ్చు. పసిఫిక్ సముద్రంలోని గాలపాగోస్ దీవుల్లో ఒకటైన డాఫ్నీ మేజర్‌లో పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ అనే శాస్త్రవేత్త దంపతులు 1973 నుంచి ఏటా కొలతలు తీశారు కాబట్టే పోటీ వల్లే మార్పు వచ్చిందని గట్టిగా చెప్పగలిగారు: 1982లో పెద్ద ముక్కు ఫించ్ (గింజలు తినే చిన్న పిట్ట) అక్కడ స్థిరపడింది, 2004 నాటి కరువులో పెద్ద గింజలు అది తినేయడంతో మధ్యరకం ఫించ్‌లలో చిన్న ముక్కువే ఎక్కువగా మిగిలాయి.

దూరమైన గుంపులు ఎలా వేరవుతాయో చూపించే గ్రీనిష్ వార్బ్లర్‌ను చలికాలంలో తప్పక వెతకండి. ఈ జాతి టిబెట్ పీఠభూమి చుట్టూ రెండు వైపులా పాకి, సైబీరియాలో మళ్లీ కలిసింది. అక్కడ ఆ రెండు కొసల పిట్టలు, పాటలు వేరైపోవడంతో చాలావరకు జతకట్టవు. అందులో పడమటి కొస పిట్టలు చలికి మన దేశానికి వస్తాయి. కేబీఆర్ పార్కులో పెద్ద చెట్ల కింద నిలబడి పైన ఆకుల్లోంచి వచ్చే సన్నటి రెండక్షరాల కూత పట్టుకోండి, కదలిక తర్వాత కనిపిస్తుంది.