జోసా రౌండ్ల మధ్య ఆందోళన తగ్గించే పద్ధతి

ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లను రౌండ్లవారీగా కేటాయించే ఉమ్మడి కౌన్సెలింగే జోసా. అందులో సీటు కోసం ఎదురుచూసే రోజుల్లో నిద్ర పట్టకపోవడానికి సగం కారణం ఆప్షన్ల జాబితాయే. రాదేమోనన్న భయంతో కోరుకున్న బ్రాంచిని కిందికి నెట్టేస్తారు. అక్కర్లేదు, పై ఆప్షన్ రాకపోయినా కింది దానికి అవకాశం తగ్గదు. ఇష్టమైన వరుసలోనే పెట్టి, చివర్లో భద్రమైనవి కొన్ని చేర్చాలి. నిరుటి ముగింపు ర్యాంకులు (చివరి సీటు దక్కిన ర్యాంకులు) చూసేటప్పుడు కోటా, కేటగిరీ, జెండర్ మూడూ సరిచూడాలి. రిజర్వుడు కేటగిరీలకు అక్కడుండేది కేటగిరీ ర్యాంకు, అందరికీ కలిపి ఇచ్చే ర్యాంకు కాదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

సీటొస్తే గడువులోగా ఫీజు కట్టి 'ఫ్లోట్' (ఉన్న సీటు ఉంచుకుంటూ పై ఆప్షన్ కోసం చూడటం) పెడితే, పైది వచ్చేదాకా ఉన్నది పోదు. గడువు దాటిందా, ఉన్నదీ పోతుంది, తర్వాతి రౌండ్లూ ఉండవు. పోర్టల్‌ను గంటగంటకూ తెరవక్కర్లేదు, షెడ్యూలు తేదీన చాలు. ఫీజు కట్టాక మాత్రం మీ పత్రాలపై క్వెరీ (సందేహం) వచ్చిందేమో రోజూ చూడాలి.

ఏదీ రాకపోతే ఎన్‌ఐటీల మిగులు సీట్లకు సీఎస్‌ఏబీ (కేంద్ర సీట్ల కేటాయింపు బోర్డు) ప్రత్యేక రౌండ్లున్నాయి. ఐఐటీలు అందులో ఉండవు. ఈలోగా ఈఏపీసెట్ కౌన్సెలింగ్ వదులుకోవద్దు.