వానలు మొదలయ్యేలోపు కారు పాలసీ తీసి చూడండి: నో క్లెయిమ్ బోనస్ విషయంలో జాగ్రత్తలు

వానాకాలంలో కార్లకు దెబ్బలు ఎక్కువ. నీళ్ల కింద కనిపించని గుంత, తడి రోడ్డు మీద జారే టైరు, బ్రేకు అందక వెనక నుంచి వచ్చి తగిలే బండి... వీటిలో చాలావరకు మన చేతిలో ఉండవు. దెబ్బ తగిలాక బీమా క్లెయిము పెట్టాలా, సొంత డబ్బుతో బాగు చేయించుకోవాలా అన్నది మాత్రం మన చేతిలోనే ఉంటుంది. ఆ నిర్ణయాన్ని సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర నిలబడి హడావిడిగా తీసుకుని చాలామంది నష్టపోతున్నారు. అందుకే నైరుతి రుతుపవనాలు రాకముందే ఒక సాయంత్రం తీరిగ్గా కూర్చుని పాలసీ కాగితం చదవమని అందరికీ చెబుతుంటాను.

మా బావమరిది కారు ముందు బంపర్ నిరుడు వానల్లో పగిలింది. నీళ్లు నిలిచిన రోడ్డులో డివైడర్ అంచు కనిపించలేదు. సర్వీస్ సెంటర్‌లో బండి చూసినతను అడిగిన మొదటి మాట, "ఇన్సూరెన్సులో పెట్టేద్దామా సార్?" ఇతను సరేనన్నాడు. మొత్తం బిల్లు తొమ్మిది వేలు. నాలుగు నెలల తర్వాత రెన్యువల్ నోటీసు వచ్చింది. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఏటా 50 శాతం అని ఉండే గడిలో సున్నా ఉంది. "బావా, బంపర్ ఒక్కటే కదా మార్పించింది, ప్రీమియం ఇంత పెరిగిందేమిటి?" అని ఫోను చేశాడు. అప్పటికి చేయగలిగింది ఏమీ లేదు.

మన దేశంలో నో క్లెయిమ్ బోనస్, అందరూ పిలిచే పేరుతో ఎన్‌సీబీ, మెట్లు మెట్లుగా పెరుగుతుంది. క్లెయిము లేకుండా మొదటి ఏడాది గడిస్తే 20 శాతం, వరుసగా రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, అయిదేళ్లకు 50 శాతం. అంతకు మించి పెరగదు. ఎక్కడానికి అయిదేళ్లు పట్టే ఈ మెట్ల మీద నుంచి దిగేటప్పుడు మాత్రం ఒక్కో మెట్టూ దిగడం ఉండదు. ఒక్క క్లెయిముతో నేరుగా సున్నాకు పడిపోతాం. చాలామందికి తెలియనిది ఇదే. ఈ తగ్గింపు మొత్తం ప్రీమియం మీద కాదు, మన బండికి జరిగే నష్టాన్ని భరించే ఓన్ డ్యామేజ్ భాగం మీదే. మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియంతో దీనికి సంబంధం లేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. తగ్గింపు లేకుండా మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం 12,000 రూపాయలు అనుకోండి. 50 శాతం బోనస్ ఉంటే ఏటా కట్టేది 6,000. ఈ వానాకాలంలో ఒక క్లెయిము పెడితే రెన్యువల్‌కు 12,000 కట్టాలి. ఆపై ఏడాది 9,600, తర్వాత 9,000, తర్వాత 7,800, తర్వాత 6,600. మళ్లీ 6,000కు చేరేలోపు ఆ అయిదేళ్లలో అదనంగా కట్టింది మొత్తం 15,000 రూపాయలు. బండి పాతబడే కొద్దీ దాని బీమా విలువ తగ్గి ప్రీమియం కూడా కొంత తగ్గుతుంది కాబట్టి అసలు నష్టం ఇంతకంటే కాస్త తక్కువే ఉండవచ్చు. అయినా తొమ్మిది వేల బంపర్‌తో పోల్చి చూడండి.

పైగా ఆ తొమ్మిది వేలూ బీమా కంపెనీ ఇవ్వదు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, బ్యాటరీకి, టైర్లకు 50 శాతం తరుగుదల కోస్తారు. ఇనుప భాగాలకు బండి వయసును బట్టి కోత ఉంటుంది, అద్దాలకు ఉండదు. దానికి తోడు ప్రతి క్లెయిములోనూ తప్పనిసరిగా మనం భరించవలసిన మొత్తం ఉంటుంది: ఇంజను 1500 సీసీ వరకు ఉన్న కార్లకు 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000. మా బావమరిది బిల్లులో బంపర్ ఆరు వేలు, అందులో సగం పోయింది. పెయింటింగ్ కోత, తప్పనిసరి వెయ్యి కూడా తీసేస్తే కంపెనీ నుంచి వచ్చింది అయిదు వేల లోపే. ఆ అయిదు వేల కోసం అయిదేళ్ల బోనస్ పోయింది.

కాబట్టి వానలకు ముందే చేయవలసిన పని ఒకటుంది. మీ పాలసీలో ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఎంతో, ఇప్పుడు మీరు ఏ మెట్టు మీద ఉన్నారో చూసి, పైన చెప్పిన తీరులో మీ నష్టం లెక్క కట్టండి. ఆ అంకెను పాలసీ కాగితం పైన పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. కొత్త బండికి ఇంకా బోనస్ రాని వారికి పోయేది తక్కువ. అదే 12,000 ప్రీమియం మీద, ఆ ఏడాది రావలసిన మొదటి మెట్టు వెనక్కి వెళ్లడం వల్ల అయిదేళ్లలో మొత్తం పోయేది ఆరు వేలు. 50 శాతం మీద ఉన్నవారికే దెబ్బ గట్టిగా తగులుతుంది. బండికి ఏదైనా జరిగినప్పుడు ముందు అంచనా బిల్లు రాయించుకోండి. కోతలన్నీ పోగా కంపెనీ నుంచి నిజంగా చేతికి వచ్చేది ఎంతో అడిగి, ఆ మొత్తాన్ని మీ అంకెతో పోల్చండి. అంతకంటే తక్కువ వచ్చేటట్లయితే క్లెయిము జోలికి వెళ్లకపోవడమే మేలు.

తప్పు ఎదుటివారిదైనా సరే, మన పాలసీలో క్లెయిము పెడితే మన బోనస్ పోతుంది. ఇది అన్యాయంగా అనిపించే మాట నిజమే. కానీ పేరులోనే ఉంది: ఇది క్లెయిము పెట్టనందుకు ఇచ్చే బోనస్, తప్పు చేయనందుకు ఇచ్చేది కాదు.

అలాగని బోనస్ కాపాడుకోవాలన్న పట్టుదలతో పెద్ద నష్టాన్ని భుజాన వేసుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీల్లో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అలాంటప్పుడు రెండో ఆలోచన అక్కరలేదు, వరద నష్టం ఓన్ డ్యామేజ్ పాలసీలో ఉన్నదే. ఇక మనిషికి దెబ్బ తగిలిన ప్రమాదంలో బోనస్ అన్న మాటే తలచకండి. ముందు ఆసుపత్రి, తర్వాత పోలీసులకు, బీమా కంపెనీకి సమాచారం. ఏ ప్రమాదమైనా ఆలస్యం లేకుండా తెలియజేయాలన్నది పాలసీ షరతు. క్లెయిము పెట్టే ఉద్దేశం ఉంటే నష్టం అంచనా వేసే సర్వేయర్ చూసేవరకు మరమ్మతు మొదలుపెట్టనివ్వకూడదు.

వానాకాలంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇంజనులోకి నీళ్లు చేరడం. నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే, సిలిండర్‌లో చేరిన నీటిని పిస్టన్ నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లలో బండి ఆగిందంటే తాళం తిప్పకండి, తోయించి గానీ టోయింగ్ చేయించి గానీ బయటికి తెప్పించండి. స్టార్ట్ చేయడం వల్ల పాడైన ఇంజనుకు మామూలు పాలసీలో డబ్బు రావడం కష్టం. అందుకోసం ఇంజన్ ప్రొటెక్ట్ అన్న అదనపు కవర్ ఉంది. పల్లపు ప్రాంతాల్లో ఉండేవారు, నీళ్లు దిగే సెల్లార్లలో బండి పెట్టేవారు రెన్యువల్‌లో దాన్ని అడిగి తీసుకోవాలి.

ఎన్‌సీబీ ప్రొటెక్ట్ అని ఇంకో అదనపు కవర్ ఉంది. దాంతో క్లెయిము పెట్టినా బోనస్ నిలుస్తుంది. కానీ ఏడాదిలో ఎన్ని క్లెయిముల వరకు, ఎలాంటి వాటికి అన్నది కంపెనీని బట్టి మారుతుంది. కొనేముందు ఆ షరతులు చదవండి. 45, 50 శాతం మీద ఉన్నవారికి ఇది నిజంగా పనికొస్తుంది. జీరో డెప్ కవర్‌తో దీన్ని కలగాపులగం చేసుకోవద్దు. జీరో డెప్ తరుగుదల కోతను ఆపుతుంది, బోనస్‌ను కాపాడదు.

క్లెయిము లేకుండానే బోనస్ పోయే దారి కూడా ఉంది. పాలసీ గడువు ముగిశాక 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోతే కూడబెట్టిన బోనస్ అంతా పోతుంది. ఇందులో కొత్త కార్లవారు తరచూ చిక్కుకుంటారు. కొత్త కారుకు థర్డ్ పార్టీ పాలసీ మూడేళ్లకు ఒకేసారి ఇస్తారు, ఓన్ డ్యామేజ్ మాత్రం చాలాసార్లు ఒక్క ఏడాదికే ఉంటుంది. "మూడేళ్ల ఇన్సూరెన్స్ ఉంది కదా" అనుకుని రెండో ఏడాది వానల్లో ఓన్ డ్యామేజ్ లేకుండానే తిరుగుతుంటారు. కాగితంలో రెండు గడువు తేదీలు ఉంటాయి, రెండూ చూడండి.

కంపెనీ మారినా బోనస్ మనతో వస్తుంది. అయితే పోయిన ఏడాది క్లెయిము పెట్టి, కొత్త కంపెనీ ఫారంలో పెట్టలేదని రాయవద్దు. "ఏమీ కాదు సార్, టిక్ పెట్టేయండి" అని ఏజెంటు చెప్పినా వినవద్దు. కొత్త కంపెనీవాళ్లు పాత కంపెనీని అడిగి తెలుసుకుంటారు. అబద్ధం బయటపడితే ఓన్ డ్యామేజ్ కింద రావలసిన డబ్బుకే ఎసరు వస్తుంది.

కారు అమ్మేవారూ ఒక మాట గుర్తుంచుకోవాలి. బోనస్ బండిది కాదు, యజమానిది. అమ్మేటప్పుడు కంపెనీ నుంచి ఎన్‌సీబీ సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే కొత్త కారుకు వాడుకోవచ్చు. పాత కారు కొన్నవారికి ఆ బోనస్ రాదు. పాలసీని 14 రోజుల్లో తమ పేరుకు మార్పించుకుని, పాత యజమాని బోనస్ వల్ల తగ్గిన మేరకు ప్రీమియం కట్టాలి.