పాత సైనిక పిస్తోలు భాగాలను గుర్తించడం – మూడవ పాఠం: లూగర్ పి.08 మీది అంకెలు

పిస్తోలు ఖాళీగా ఉన్నదని నిర్ధారించుకొనే పద్ధతిని, లైసెన్సు నియమాలను వెనుకటి పాఠాలలో చూశాము. 1959 నాటి ఆయుధాల చట్టం విడిభాగాలకు కూడా వర్తిస్తుంది కనుక, భారతదేశంలోని పాఠకులు ఈ పాఠాన్ని ఛాయాచిత్రాలతో అభ్యసించడమే మేలు.

జర్మన్ సైన్యం 1908లో స్వీకరించిన ఈ పిస్తోలును బెర్లిన్‌లోని డి.డబ్ల్యూ.ఎం. అనే ఆయుధాల సంస్థ, ఎర్ఫర్ట్ ప్రభుత్వ కర్మాగారం, తరువాతి కాలంలో మౌజర్ సంస్థ తయారుచేశాయి. భాగాలను ఒకదానికొకటి చేతితో సరిచూసి అమర్చేవారు కాబట్టి, అవి వేరే పిస్తోలు భాగాలతో కలిసిపోకుండా వాటిపై అంకెలు కొట్టేవారు. పూర్తి సంఖ్య ఫ్రేము ముందువైపున, గొట్టం అడుగున, గొట్టాన్ని పట్టి ఉంచే రిసీవరు ఎడమ పక్కన ఉంటుంది. ట్రిగ్గరు, సేఫ్టీ మీట, పక్క పలక, మోకాలిలా మడుచుకొనే టాగిల్ భాగాల వంటి చిన్నవాటిపై చివరి రెండంకెలే ఉంటాయి. గొట్టం అడుగున 8,82 వంటి అంకె కనబడితే కంగారుపడనక్కరలేదు. అది మిల్లీమీటర్లలో గొట్టం లోపలి కొలత, జర్మన్లు దశాంశ బిందువుకు బదులు కామా వాడతారు.

సంఖ్య ఒక్కటే పిస్తోలును గుర్తించలేదు. సైనిక తయారీలో సాధారణంగా ఏటా 1 నుంచి మొదలుపెట్టి, 10000 దాటగానే మళ్ళీ 1 నుంచి లెక్కిస్తూ పక్కన ఎ, బి, సి అనే చిన్న అక్షరాలను చేర్చేవారు. అందువల్ల టాగిల్ మీది తయారీదారు గుర్తును, తూటా కూర్చొనే గది పైభాగాన ఉన్న సంవత్సరాన్ని, సంఖ్యను, అక్షరాన్ని కలిపే మీ పుస్తకంలో రాసుకోవాలి. మౌజర్ పిస్తోళ్ళలో గదిపై సంవత్సరానికి బదులు 1934కు కె అని, 1935కు జి అని మాత్రమే ఉంటుంది.

ఇక రెండంకెల దగ్గర అసలు చిక్కు ఉన్నది. ఎక్కడి నుంచో తెచ్చిన ట్రిగ్గరు మీ పిస్తోలు చివరి అంకెలతో కలవడానికి నూటికి ఒక అవకాశం ఉన్నది; కావాలని వెతికి కొనేవారికి, పాత అంకెను అరగదీసి కొత్తది కొట్టేవారికి అదృష్టంతో పనే లేదు. కాబట్టి అంకె కలిసిందని సంతోషించే ముందు అంకెల ఆకారాన్ని, చుట్టూ ఉన్న లోహపు అరుగుదలను, రంగును భూతద్దంతో పోల్చిచూడాలి. ముఖ్యంగా రంగు చాలా చెబుతుంది: మౌజర్ 1937 ప్రాంతంలో పద్ధతి మార్చేవరకు, ట్రిగ్గరు, సేఫ్టీ మీట వంటి భాగాలను వేడిచేసి ఎండుగడ్డి వన్నె తెప్పించేవారు; తరువాతివి నల్లని నీలం రంగులోనే వచ్చాయి. ఈ సాక్ష్యాన్ని పాలిష్ చెరిపివేస్తుంది కనుక, పాతదాన్ని మెరిపించాలనే ఉబలాటాన్ని అణచుకోండి.

కలవని భాగమంతా మోసం కాదు. సైనిక మరమ్మతులో ఒక భాగం మారి ఉండవచ్చు. తూటాలు నింపే మ్యాగజైన్లు తారుమారు కావడమైతే సర్వసాధారణం. వారసత్వంగా వచ్చిన పిస్తోలులో తాతగారి నాటి నుంచి ఉన్న వేరే అంకెల భాగాన్ని నేనైతే మార్చను. సేకరణను ఆ కాలపు మ్యాగజైనుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అందుకు పిస్తోలులోని ఏ భాగాన్నీ ఊడదీయనక్కరలేదు.

అభ్యాసం: టాగిల్‌పై బివైఎఫ్, గదిపై 42, సంఖ్య 4417 సి. సేఫ్టీ మీటపై 17, నల్లని నీలం రంగు. ట్రిగ్గరుపై 17, ఎండుగడ్డి వన్నె. మీ నిర్ణయం రాసుకొన్నాక తరువాతి వాక్యం చదవండి. బివైఎఫ్ మౌజర్ గుర్తు, సంవత్సరం 1942. మీట కాలానికి సరిపోతున్నది, ట్రిగ్గరు మాత్రం అంకె కలిసినా పాత పిస్తోలుదై ఉండాలి కనుక, దానిని ‘సందేహాస్పదం’ అనే గడిలో చేర్చాలి.