పర్షియన్ పిల్లి రంగు పోల్చుకోవడం: వెంట్రుక కొస కాదు, మొదలు చూడండి

పర్షియన్ పిల్లి రంగును దూరం నుంచి చూసి చెబితే తప్పే అవకాశం ఎక్కువ. పొడవాటి బొచ్చులో కంటికి ఆనేది వెంట్రుక కొస ఒక్కటే. అసలు రంగును తేల్చేవి వెంట్రుక మొదలు, ముక్కు చర్మం, పాదాల కింది మెత్తలు, కంటి రెప్పల అంచు. పెడిగ్రీ (వంశావళి) కాగితంలో రంగు ఒకసారి తప్పుగా ఎక్కితే ఆ తప్పు తర్వాతి తరాల కాగితాల్లోకీ పాకుతుంది. ఏ జతకు ఏ రంగు కూనలు పుడతాయన్న లెక్క అంతా తారుమారవుతుంది. అందుకని తొందరపడకుండా, వరసగా చూడాలి.

ముందుగా పేర్లు. పిల్లుల పెంపకందారులు బూడిద రంగును బ్లూ అంటారు, నారింజ రంగును రెడ్ అంటారు. మీగడ రంగు క్రీమ్, ముదురు గోధుమ చాక్లెట్, గులాబీ ఛాయ కలిసిన లేత బూడిద లైలాక్. ఇన్ని పేర్లున్నా బొచ్చులో ఉండే వర్ణకాలు రెండే: నలుపు, ఎరుపు. చాక్లెట్ కూడా నలుపు వర్ణకానికి మారిన రూపమే. డైల్యూట్ జన్యువు రెండు ప్రతులూ ఉన్న పిల్లిలో నలుపు బ్లూగా, చాక్లెట్ లైలాక్‌గా, రెడ్ క్రీమ్‌గా కనిపిస్తాయి. అక్కడ వర్ణకం మాయమైపోదు. రేణువులు వెంట్రుకలో సమంగా పరుచుకోకుండా ముద్దలు కట్టి, మధ్యలో ఖాళీలు మిగులుతాయి. అందుకే రంగు పలచగా కనబడుతుంది.

చూసే ముందు

పిల్లికి స్నానం చేయించి, పూర్తిగా ఆరబెట్టాక చూడండి. దువ్వేటప్పుడు చల్లే పౌడర్ మొదళ్లలో మిగిలితే మామూలు నల్లపిల్లి కూడా తెల్ల మొదళ్ల స్మోక్‌లా కనిపిస్తుంది. జిడ్డు పట్టిన తెల్లబొచ్చు క్రీమ్‌లా కనిపిస్తుంది. పసుపు బల్బు వెలుగు పనికిరాదు, నేరుగా పడే ఎండా పనికిరాదు. పగటిపూట కిటికీ పక్కన నీడలో చూడటం మంచిది. సన్నపళ్ల దువ్వెనతో బొచ్చును చర్మం కనబడేదాకా పాయ తీయండి. ఒక్క చోట చూసి ఊరుకోవద్దు. నడివీపు, డొక్క, తోక మొదలు, మెడ చుట్టూ ఉండే జూలు, నాలుగూ చూడాలి.

మొదటి పరీక్ష: వెంట్రుక మొదలు

మొదలు నుంచి కొస దాకా ఒకే రంగైతే అది సాలిడ్. మొదలు తెల్లగా ఉండి కొసకే రంగుంటే అది సిల్వర్ కుటుంబం. ఇక్కడ కొలత ముఖ్యం. వెంట్రుక పొడవులో సుమారు ఎనిమిదో వంతుకే రంగుంటే చిన్‌చిల్లా, మూడో వంతుకుంటే షేడెడ్, సగమో అంతకన్నా ఎక్కువో ఉంటే స్మోక్. స్మోక్ పిల్లి కూర్చున్నప్పుడు అచ్చం సాలిడే. నడిచినప్పుడు బొచ్చు విచ్చుకుని లోపలి తెలుపు బయటపడుతుంది. మొదలు తెలుపు కాకుండా వెచ్చని మీగడ రంగులోనో ఆప్రికాట్ పసుపులోనో ఉంటే గోల్డెన్. రెడ్ పిల్లికి తెల్ల మొదళ్లుంటే దాన్ని కేమియో అంటారు. ఒక్కో వెంట్రుక మీద లేత, ముదురు పట్టీలు మార్చి మార్చి వస్తే టాబీ.

ఎక్కువమంది పొరబడేది బ్లూ దగ్గర. బ్లూ సాలిడ్‌కు మొదళ్లు కాస్త వెలిసినట్టు ఉండొచ్చు, అది స్మోక్ కాదు. స్మోక్‌లో తెలుపు ఎక్కడ ఆగి రంగు ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు తెలుస్తుంది. వెలిసిన మొదళ్లలో రంగు మెల్లగా సన్నగిల్లుతుంది, ఆ గీత ఉండదు.

రెండో పరీక్ష: ముక్కు, మెత్తలు

బొచ్చు కన్నా చర్మాన్ని నమ్మడం మేలు. నలుపు పిల్లికి ముక్కు నల్లగా, మెత్తలు నల్లగానో గోధుమగానో ఉంటాయి. బ్లూకు రెండూ నీలిబూడిద రంగు. రెడ్‌కు ఇటుక రంగు, క్రీమ్‌కు గులాబీ. తెల్లపిల్లికి రెండూ గులాబీయే, కళ్లు మాత్రం నీలంగానో రాగిరంగులోనో ఒక్కోటి ఒక్కో రంగులోనో ఉండొచ్చు. చిన్‌చిల్లా సిల్వర్ ముక్కు ఇటుక రంగులో ఉండి, దాని చుట్టూ నల్లటి గీత ఉంటుంది. కళ్లకూ పెదవులకూ కాటుక దిద్దినట్టు నల్ల అంచు, మెత్తలు నలుపు, కళ్లు ఆకుపచ్చ. చిన్‌చిల్లాను తెల్లపిల్లి అనుకునేవాళ్లు ఈ కాటుక అంచును చూస్తే చాలు, ఇక సందేహం ఉండదు.

మూడో పరీక్ష: నమూనా

పర్షియన్ బొచ్చు పొడవుకి ఒంటి మీది చారలు కలిసిపోతాయి. కాబట్టి పొట్టి బొచ్చున్న చోట వెతకాలి. నుదుటి మీద ఇంగ్లిష్ ఎం అక్షరం లాంటి గుర్తు, కాళ్ల మీద కడియాల్లాంటి పట్టీలు, తోక మీద ఉంగరాలు కనిపిస్తే టాబీ. భుజాల మీద సీతాకోకచిలుక ఆకారం, డొక్కల మీద వెడల్పాటి సుడి ఉంటే క్లాసిక్. సన్నటి నిలువు చారలుంటే మాకెరెల్.

రెడ్ దగ్గర ఒక చిక్కుంది. చారలను అణిచే జన్యువు నలుపు వర్ణకం మీదే పనిచేస్తుంది, ఎరుపు మీద పనిచేయదు. అందువల్ల జన్యుపరంగా సాలిడ్ అయిన రెడ్ పిల్లికీ నుదుటి మీద ఎంతో కొంత గుర్తు మిగులుతుంది. నిజమైన రెడ్ టాబీని విడదీసి చెప్పేది వెంట్రుకల్లో లేత, ముదురు పట్టీలు. అదీ తేలకపోతే తల్లిదండ్రుల రంగులు చూడాలి, లేదా జన్యు పరీక్ష చేయించాలి.

నలుపు, రెడ్ కలగలిసి ఉంటే టార్టీ. అవే బ్లూ, క్రీమ్‌గా ఉంటే బ్లూ‌క్రీమ్. తెలుపు కూడా కలిస్తే కాలికో. తెలుపు పెరిగేకొద్దీ నలుపు, రెడ్ నేతలా కలిసిపోకుండా విడివిడిగా పెద్ద మచ్చలవుతాయి. తల మీదా తోక మీదా తప్ప ఒళ్లంతా తెల్లగా ఉంటే వాన్. రెడ్ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి టార్టీలు దాదాపు అన్నీ ఆడవే. మగ టార్టీ చాలా అరుదు, వాటిలో దాదాపు అన్నీ గొడ్డువే. మగ టార్టీ అని ఎవరైనా అంటే ముందు ఆడో మగో మళ్లీ చూడండి. (ఈ రెడ్ రంగుకు కారణం ఏఆర్‌హెచ్‌గ్యాప్36 అనే జన్యువు దగ్గర సుమారు 5,000 అక్షరాల డీఎన్ఏ ముక్క లేకపోవడమని 2025లో క్యుషు, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల బృందాలు విడివిడిగా ప్రచురించాయి.)

కూనల రంగు: తొందర వద్దు

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు కూనల వయసులోనే జరుగుతాయి. నల్లకూన బొచ్చు బూడిదగానో తుప్పు రంగులోనో ఉండొచ్చు, లోపల నీడల్లాంటి చారలూ కనిపించొచ్చు. పెద్ద బొచ్చు వచ్చేసరికి రెండూ పోతాయి. చిన్‌చిల్లా కూనలు ముదురు చారలతో పుడతాయి, తర్వాత తెల్లబడతాయి. స్మోక్ కూన పుట్టినప్పుడు సాలిడ్‌లాగే ఉంటుంది. కళ్ల చుట్టూ, పొట్ట దగ్గర లేతగా ఉందంటే అనుమానించండి, మొదళ్లు చూస్తూ ఉండండి. తెల్లకూన నడినెత్తి మీద చిన్న రంగు మచ్చ ఉంటే ఫొటో తీసి దాచుకోండి. తెలుపు కింద దాగిన అసలు రంగు అదే, పెరిగేకొద్దీ అది కనిపించకుండా పోతుంది.

హిమాలయన్, అంటే పాయింట్ రంగుల (ముఖం, చెవులు, పాదాలు, తోక మాత్రమే ముదురుగా ఉండే) పర్షియన్, పుట్టినప్పుడు మీగడ తెలుపు. వీటిలో రంగు తయారుచేసే ఎంజైమ్ వెచ్చదనంలో పనిచేయదు. తల్లి కడుపులో ఒళ్లంతా వెచ్చగా ఉంటుంది కాబట్టి రంగు రాదు. పుట్టాక చల్లబడే ముక్కు, చెవులు, పాదాలు, తోక నెమ్మదిగా రంగెక్కుతాయి. బ్లూ, లైలాక్ పాయింట్లు తేలడానికి ఇంకా ఆలస్యమవుతుంది. ఈ కారణంగానే వీటి ఒంటి మీద బొచ్చు గొరిగిస్తే ఆ చోట చర్మం చల్లబడి కొత్త బొచ్చు ముదురుగా మొలుస్తుంది. పోటీకి తీసుకెళ్లాలనుకునే పిల్లిని గొరిగించవద్దు.

కడుపుతో ఉన్నప్పుడు తల్లికి జ్వరమో తీవ్రమైన ఒత్తిడో వస్తే కూనలు వెండిబూడిద బొచ్చుతో పుట్టొచ్చు. దాన్ని ఫీవర్ కోట్ అంటారు. కొన్ని నెలల్లో ఆ బొచ్చు రాలి అసలు రంగు వస్తుంది. ఈలోగా సిల్వర్ అని నమోదు చేయడం పొరపాటు.

పెద్ద పిల్లుల్లో నలుపు తుప్పు రంగుకు తిరిగితే రెండు కారణాలు వెతకండి. మొదటిది ఎండ. రెండోది ఆహారంలో టైరోసిన్, ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లాలు చాలకపోవడం. నలుపు వర్ణకం తయారయ్యేది వాటి నుంచే.

జత లెక్కతో సరిచూడటం

రెడ్ మగ, నల్ల ఆడ కలిస్తే కొడుకులు నలుపు, కూతుళ్లు టార్టీ. రెడ్ ఆడ, నల్ల మగ అయితే కొడుకులు రెడ్, కూతుళ్లు టార్టీ. తల్లిదండ్రులిద్దరిలోనూ డైల్యూట్ జన్యువు ఒక్కో ప్రతి దాగి ఉంటే వీటి పలచని రూపాలూ రావచ్చు. రెండు డైల్యూట్ పిల్లులకు నలుపు కూన పుట్టదు. రెండు సాలిడ్ నలుపులకు టాబీ పుట్టదు. సిల్వర్ కూనకు తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు సిల్వర్ అయి ఉండాలి, అయితే రెడ్ మీదా తెలుపు కిందా సిల్వర్ మనకు తెలియకుండానే ఉండిపోవచ్చు. లెక్కకు అందని కూన కనబడితే తల్లిదండ్రుల రంగును మళ్లీ పరీక్షించండి, తర్వాత తండ్రి అదేనా అన్నది చూడండి.

తెలుపును తెలుపుతో జత చేయవద్దు. తెలుపు జన్యువుతో చెవుడు ముడిపడి ఉంది, నీలికళ్ల తెల్లపిల్లుల్లో అది మరీ ఎక్కువ. తెల్లకూనలకు బేర్ అనే వినికిడి పరీక్ష చేయించాలి. రంగుల కోసం జత ఎంచేముందు రెండింటికీ పీకేడీ అనే కిడ్నీ జబ్బు జన్యు పరీక్ష కూడా తప్పనిసరి. పర్షియన్లలో ఈ జబ్బు మామూలే, ఒక్క ప్రతి ఉన్నా వస్తుంది.

కంటితో తేలని చోట చెంప లోపలి నుంచి దూదిపుల్లతో నమూనా తీసి జన్యు పరీక్షకు పంపొచ్చు. పాలు తాగిన వెంటనే తీస్తే తల్లి కణాలు కలిసి ఫలితం చెడుతుంది. కూనను కాసేపు తల్లికి దూరంగా ఉంచాక తీయండి.

కాగితం మీద ఎక్కించేటప్పుడు, ఫీఫే (అంతర్జాతీయ పిల్లుల సమాఖ్య) సంస్థ సంకేతాల్లో 11 అంటే షేడెడ్, 12 చిన్‌చిల్లా, 22 క్లాసిక్ టాబీ, 23 మాకెరెల్, 33 పాయింట్. కళ్లకు 61 నీలం, 62 రాగి లేదా నారింజ, 63 రెండు రంగులు, 64 ఆకుపచ్చ. కూనల కళ్లు మొదట అన్నీ నీలమే, కాబట్టి కంటి సంకేతాన్ని రంగు స్థిరపడ్డాకే రాయండి.