విదేశీ లైసెన్సుతో సొంత విమానయానం – 3వ పాఠం: తోక మీద అక్షరం

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న వదిలాను. మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చిన పీపీఎల్ (ప్రైవేటు పైలట్ లైసెన్సు) జేబులో పెట్టుకుని డల్లాస్‌లో సెస్నా 172 అనే చిన్న విమానం అద్దెకు తీసుకుని నడపొచ్చా? నేరుగా కుదరదు. ముందు విమానం తోక వైపు చూడండి. మన విమానాల రిజిస్ట్రేషన్ వీటీతో మొదలవుతుంది, అమెరికావి ఎన్‌తో. లైసెన్సు ఇవ్వాల్సినా, ఇంకో దేశం ఇచ్చినదాన్ని ఒప్పుకోవాల్సినా అది విమానం రిజిస్టరైన దేశం పనే. 1944 నాటి చికాగో ఒప్పందం 32వ అధికరణంలో ఉన్నది ఇదే.

అలాగని మళ్లీ ఓనమాలు దిద్దక్కర్లేదు. అమెరికా పౌర విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 61.75 నిబంధన కింద మన లైసెన్సు ఆధారంగానే ప్రైవేటు పైలట్ సర్టిఫికెట్ ఇస్తుంది. ముందుగా ఏసీ 8060-71 ఫారం పంపాలి. వాళ్లు డీజీసీఏని అడిగి లైసెన్సు అసలుదేనని రూఢి చేసుకుంటారు. అందుకు 45 నుంచి 90 రోజులు చేతిలో ఉంచుకోండి. టికెట్ కొన్నాక మొదలుపెడితే టెన్షనే. మరీ ముందూ వద్దు, రూఢి చేసుకున్నాక వాళ్లిచ్చే లేఖ ఆరు నెలలే చెల్లుతుంది.

మనవాళ్లకు చిక్కు వచ్చేది పేరు దగ్గర. లైసెన్సులో 'కె. శ్రీనివాసరావు' అని, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పైగా 'శ్రీనివాస', 'రావు' విడివిడిగా ఉందనుకోండి. మనకు ఒక్క మనిషే, అక్కడి గుమస్తాకు ఇద్దరు. ఫారం నింపేముందే రెండూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే ఇక్కడే దిద్దించుకోండి.

సర్టిఫికెట్ చేతికొచ్చినా మన లైసెన్సు వెంట ఉండాల్సిందే, అది లేకుండా ఇది చెల్లదు. ఇంకా ఇన్‌స్ట్రక్టర్‌తో ఫ్లైట్ రివ్యూ ఉంటుంది: కనీసం గంట నేల మీద, గంట గాల్లో. అందులో నాకు బాగా అక్కరకొచ్చింది గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చూపే ఆల్టీమీటర్ ముచ్చట. కంట్రోల్ టవర్ అక్కడి పీడనం చెబుతూ 'త్రీ జీరో జీరో టూ' అంటుంది. పీడనాన్ని హెక్టోపాస్కల్స్‌లో వినడానికి అలవాటుపడ్డ చెవికి అదేమిటో అందదు. 30.02 అంగుళాల పాదరసం అన్నమాట, మన లెక్కలో సుమారు 1017. డయల్‌లోని చిన్న కిటికీలో ఆ అంకె వచ్చేదాకా నాబ్ తిప్పాలి. అంగుళంలో పదో వంతు తప్పితే ఎత్తు దాదాపు వంద అడుగులు తప్పుతుంది.

డబ్బు తీసుకుని ఎవరినీ తిప్పకూడదు. ఖర్చు పంచుకోవచ్చు, కానీ తలా సమానంగా లెక్కేసి మీ వాటా మీరు పెట్టాలి.

అభ్యాసం: మీరు, బావమరిది, అతని భార్య ఎక్కారు. అద్దె, ఇంధనం కలిపి 300 డాలర్లు. బావమరిది 'మొత్తం నేనిస్తా బావా' అంటున్నాడు. మీరు కనీసం ఎంత పెట్టాలి?